పచ్చడి సంచి వదిలెయ్యి అమ్మలూ

అమ్మలూ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. 2025 జూన్‌లో అహ్మదాబాద్‌లో ఫ్లైట్ కూలినప్పటి నుంచి విమానం పేరెత్తితే దానికి ఒళ్ళు వణుకంట, 242 మందిలో ఒక్కడే మిగిలాడు కదన్నయ్యా, పిల్లని ఎలా పంపను అంటది. దాని భయం దానిది, నేను కాదనను. కానీ అలాంటిది ఎప్పుడో గానీ జరగదు. అమెరికా వాళ్ళు 1983 నుంచి 2000 దాకా వాళ్ళ ఎయిర్‌లైన్స్‌కి జరిగిన 568 యాక్సిడెంట్లు లెక్కేస్తే అందులో ఉన్న 53,487 మందిలో 51,207 మంది బతికారు. సరే చిన్నాచితకా వదిలేసి మంటలొచ్చి విమానం బాగా దెబ్బతిన్నవో నాశనమైపోయినవో మాత్రమే తీసుకున్నా అందులో కూడా సగానికి పైనే బతికారు. పడితే ఇంక అయిపోయినట్టే అని ముందే మనసులో రాసేసుకున్నోళ్ళు సీట్లోంచి కదలరు, నాకు భయమంతా అదే.

నేను గల్ఫ్‌లో పందొమ్మిదేళ్ళు ఫ్లైట్లు క్లీన్ చేసే పని చేశానని నీకు తెలుసుగా. జనం దిగగానే మేం ఎక్కేవాళ్ళం. సీటు జేబులో బొమ్మల కార్డు ఒకటుంటది, ఏ తలుపు ఎలా తియ్యాలో అన్నీ దానిమీదే, దాన్ని చదివినోడు కనపడేవాడు కాదు గానీ చూయింగ్ గమ్ అంటించినోళ్ళు మాత్రం బోలెడుమంది. నువ్వు చదువు. రెండు నిమిషాల పని.

ముందు బెల్టు సంగతి. కారు బెల్టుకి బటన్ నొక్కుతాం, విమానం బెల్టుకి మూత పైకెత్తాలి. ఇదేం పెద్ద విషయం అనుకుంటావు. ఒకసారి నేను ఇంటికొస్తుంటే లాండింగ్‌లో టైరు పేలి బండి పక్కకి లాగేసి ఆగిపోయింది, ఏదో కాలిన వాసన, నా పక్కనున్నాయన లెక్కలేనన్నిసార్లు ఫ్లైటెక్కినోడే, బొటనవేలితో బకిల్ పక్కన నొక్కుతానే ఉన్నాడు, అది ఊడట్లేదు, చెమటలు కారిపోతున్నాయి. కంగారులో చెయ్యి కారు అలవాటుకే పోతదన్నమాట. అందుకే కూర్చోగానే మూడునాలుగుసార్లు పెట్టి తీసి చూసుకో, ఎవడన్నా నవ్వితే నవ్వనీ. బెల్టు పొట్ట మీద కాదు, కిందకి తుంటి ఎముకల మీద, బిగించి.

ఆయన సంగతి చెప్పి నా సంగతి దాచడం ఎందుకు. ఆ రోజు నేనేం చేశానో తెలుసా, లేచి పైన అర తెరిచాను, ఏడాదికోసారి ఇంటికెళ్తూ కొన్న సామాను సంచి కోసం. ఎయిర్‌హోస్టెస్ నన్ను తిట్టిన తిట్టు ఏ భాషో తెలీదు గానీ అర్థమైంది. మంటలేం రాలేదు కాబట్టి బతికిపోయాం, వచ్చుంటే నా వెనక వరసలన్నీ నా సంచి కోసం ఆగేవి. 2016లో త్రివేండ్రం నుంచి దుబాయ్ వెళ్ళిన ఫ్లైట్ రన్‌వే మీద పడి కాలిపోయింది, 300 మంది, మనోళ్ళే ఎక్కువ, పొగలో కూడా సామాన్ల కోసం ఎగబడ్డ వీడియో లోకమంతా చూసింది. అందరూ బయటపడ్డారు గానీ, పడిన తొమ్మిది నిమిషాలకి ట్యాంకు పేలింది, మంటలార్పడానికి వచ్చిన కుర్రాడు ఒకడు పోయాడు పాపం. అదే 2024 జనవరి 2న టోక్యోలో చూడు, రన్‌వే మీద ఇంకో చిన్న విమానాన్ని గుద్ది తగలబడింది, ఎనిమిది తలుపుల్లో మూడే పనికొచ్చాయి, మైకు కూడా పని చెయ్యలా, అయినా లోపలున్న 379 మందీ దిగారు, సామాన్లు లోపలే వదిలేసి. నువ్వూ పాస్‌పోర్టు ఒంటిమీద చిన్న పర్సులో పెట్టుకో, మీ అమ్మ కట్టిచ్చే ఆవకాయ, పూతరేకులు కాలిపోతే కాలిపోనీ, మళ్ళీ పంపుతాం.

సగం తలుపులే తెరుచుకున్నా 90 సెకన్లలో అందరూ దిగగలరని చూపిస్తేనే విమానానికి పర్మిషన్ ఇస్తారు. అంటే టైము అంతే అనుకో. అందుకని కూర్చోగానే ముందు తలుపుకి ఎన్ని వరసలో, వెనక తలుపుకి ఎన్ని వరసలో లెక్కపెట్టు. ఎక్కిన తలుపే దగ్గరని అనుకోకు, చాలాసార్లు వెనకదే దగ్గర. పొగ కమ్మేస్తే కళ్ళు పనికిరావు, సీట్లు తడుముకుంటూ పోవడమే. మనింట్లో దోమలకి కొబ్బరి పీచు పొగ పెడితేనే ఉక్కిరిబిక్కిరైపోతావు, అది ప్లాస్టిక్ పొగ, విషం. 1985లో మాంచెస్టర్‌లో విమానం గాల్లోకి లేవకుండానే నేలమీదే అంటుకుంటే 137 మందిలో 55 మంది పోయారు, చాలామంది పొగకే. వంగి నడువు, చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకో. ఆ చున్నీ కాటన్‌దే అవ్వాలి, పాలిస్టర్ అయితే కరిగి ఒంటికి అంటుకుంటది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బూట్లు విప్పకు, నిద్రపోకు, పాటలు పెట్టుకోకు, మధ్యలో నీ ఇష్టం.

గుద్దుకునే ముందు తల వంచమంటారు. ముందు సీటుకి తల ఆనించి, చేతులు తల మీద పెట్టి, పాదాలు నేలకి ఆనించి కొంచెం వెనక్కి లాక్కో. కాళ్ళు ముందుకి చాపితే విరుగుతాయి, విరిగిన కాలితో ఎక్కడికి పరిగెడతావు.

ఇంక నీళ్ళ సంగతి. 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పటి నుంచి బోటెక్కగానే లైఫ్ జాకెట్టు వేసుకోవాలని మనందరి బుర్రకీ ఎక్కింది, అక్కడ అది రైటే. విమానంలో జాకెట్టు వేరు, అది స్పాంజి కాదు, తాడు లాగితే గాలి నిండుతది. లోపలుండగా లాగావా, నీళ్ళు వచ్చేకొద్దీ నిన్ను కప్పుకి అంటించేస్తది, కిందున్న తలుపు దాకా మునిగి వెళ్ళలేవు. 1996లో ఆఫ్రికా పక్కనున్న కొమొరోస్ దీవుల దగ్గర హైజాక్ చేసిన విమానం ఆయిలైపోయి సముద్రంలో దిగింది, 175 మందిలో 125 మంది పోయారు, లోపలే గాలి నింపేసుకుని ఇరుక్కుపోయినోళ్ళు చాలామంది. గోదారోళ్ళం, ఈతొచ్చు అనుకుంటే అక్కడ చెల్లదు. వేసుకో, గుమ్మం దాటేటప్పుడు లాగు. ఇంకోటి, సీటు కింద అది ఉందో లేదో చెయ్యి పెట్టి తడుము, జ్ఞాపకానికని సంచిలో వేసుకుపోయే మహానుభావులు ఉంటారు, ఖాళీ సంచులు నేనే చూశాను.

ఇదంతా మీ అమ్మకి చదివి వినిపించకు, మొదట్లో చెప్పిన బతికినోళ్ళ అంకెల దాకా చదివి ఆపెయ్. శుక్రవారం మధురపూడి ఎయిర్‌పోర్టుకి నేనే కారు తెస్తాను, పొద్దున నాలుగింటికల్లా రెడీగా ఉండు. నెయ్యి సీసా చేతి సంచిలో పెట్టనివ్వకు, సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు.

మీ మావయ్య