నీలి టోపీ పెట్టుకుంటే ఎవరి ఆజ్ఞ?

ప్రశ్న: మా అబ్బాయి దక్షిణ సూడాన్‌లోని ఐక్యరాజ్యసమితి శాంతి దళానికి వెళ్తున్నాడు. అక్కడ ఎవరి మాట వినాలి? తుపాకీ పేల్చవచ్చా? భయంగా ఉంది.
– ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, నేను శాంతి దళంలో కాంగోలోని గోమాలో పనిచేసినప్పుడు కందుకూరులో మా అమ్మ ఫోను పక్కనే పడుకునేది. అపాయం లేదని అబద్ధం చెప్పలేను. 1961లో ఆ కాంగోలోనే సమితి దళంలోని మన కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా ప్రాణమిచ్చారు, పరమవీరచక్ర పొందారు.

మీవాడి యూనిఫాం మన సైన్యానిదే, తలమీద మాత్రం నీలి టోపీ. విధుల్లో ఆజ్ఞలు సమితి దళాధిపతివి, క్రమశిక్షణకు మన సైనిక చట్టం. ఆత్మరక్షణకు, పౌరులను కాపాడటానికి కాల్చవచ్చు. ఇక్కడ వరదలొస్తే అధికార యంత్రాంగం కోరాక సైన్యం దిగినట్టే, అక్కడ భద్రతామండలి తీర్మానం మేరకే నడవాలి.

గోమాలో నల్లటి లావా రాళ్ల దారిలో పసుపు డబ్బాలతో నీళ్లకు వెళ్లే పిల్లల వెంట మేము కాపలా నడిచేవాళ్లం. ఒక పాప నా వేలు వదిలేది కాదు.

దోమతెర, మలేరియా మాత్రలు మరవవద్దని అబ్బాయికి గట్టిగా చెప్పండి.