న్యూజీలాండ్‌లో నేస్బీ అనే పల్లె, దాని ఐస్ రింకుల కథ

"చిన్న చిన్న పల్లెల్లో స్కేటింగ్, కర్లింగ్ రింకులు ఎలా వచ్చాయి? ఎవరైనా దగ్గర్నుంచి చూశారా?" అని అడిగారు. (రింకు అంటే మంచు పరిచిన ఆటస్థలం, కర్లింగ్ అంటే మంచు మీద రాళ్ళు జార్చే ఆట.) ఒక పల్లె గురించి నేను చెప్పగలను. న్యూజీలాండ్ దక్షిణ ద్వీపంలో, సెంట్రల్ ఒటాగో ప్రాంతంలో ఉంది, పేరు నేస్బీ. అక్కడి డునీడిన్ నగరంలో పీజీ చదివిన రోజుల్లో మూడుసార్లు వెళ్ళాను. పామర్‌స్టన్ దగ్గర మలుపు తిరిగి, పిగ్‌రూట్ అనే కొండదారి పట్టుకుంటే మొత్తం రెండు గంటల ప్రయాణం. ఊళ్ళో ఏడాది పొడవునా ఉండేవాళ్ళు వంద పైచిలుకు, అంతే. మా ఊళ్ళో రామాలయం వీధిలోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు. అలాంటి ఊళ్ళో నాలుగు లేన్ల కర్లింగ్ హాలు, ఆరుబయట స్కేటింగ్ రింకు!

దీనంతటికీ మూలం బంగారం. 1863లో అక్కడి హాగ్‌బర్న్ లోయలో బంగారం బయటపడింది. వేలమంది వచ్చి గుడారాలు వేశారు. మట్టిని నీటిధారతో కొట్టి కడిగితే తప్ప బంగారం చేతికి రాదు. అందుకని కొండల మీదుగా మైళ్ళ కొద్దీ కాలువలు తవ్వి, ఎక్కడికక్కడ చిన్న డ్యాములు కట్టుకున్నారు. మౌంట్ ఐడా కాలువ ఒక్కటే వంద కిలోమీటర్ల పైన ఉంటుంది. చలికాలం రాగానే (అక్కడ చలికాలమంటే జూన్ నుంచి ఆగస్టు, మన దగ్గర నాట్లు పడే రోజులు) కాలువలూ డ్యాములూ గడ్డకట్టేవి. నీళ్ళు కదలకపోతే పని సాగదు. చేతినిండా ఖాళీ, ఎదురుగా అద్దం పరిచినట్టు మంచు. పైగా ఆ ప్రాంతంలో స్కాట్లండ్ వాళ్ళే ఎక్కువ. 1848లో డునీడిన్‌ని కట్టుకున్నది వాళ్ళే, ఆ పేరు కూడా ఎడిన్‌బరాకి ఉన్న గేలిక్ పేరే. కర్లింగ్ వాళ్ళకి పుట్టింటి ఆట. 1870ల నుంచి ఆ చుట్టుపక్కల క్లబ్బులు పుట్టుకొచ్చాయి. అంటే మొదటి రింకుల్ని ఎవరూ రింకులుగా కట్టలేదు, పని ఆగిపోయిన డ్యాములే రింకులయ్యాయి. అక్కడి చలి మాటలు కాదు మరి. న్యూజీలాండ్‌లో ఇప్పటిదాకా నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత, మైనస్ 25.6 డిగ్రీలు, 1903 జులైలో పక్కనున్న రాన్‌ఫర్లీ దగ్గరే నమోదైంది.

కర్లింగ్ చూడనివాళ్ళకి ఒక్క మాట. మన గోలీలాటే అనుకోండి, కాకపోతే గోలీ ఇరవై కిలోల గ్రానైట్ రాయి. నలభై అయిదు మీటర్ల మంచుబాట మీద దాన్ని జారవిడిచి, అవతలి చివర గీసిన వలయం మధ్యకి చేర్చాలి, అడ్డొచ్చిన ఎదుటివాళ్ళ రాయిని పక్కకి కొట్టెయ్యాలి. హాల్లో మంచు నున్నగా ఉంటుందనుకుని వెళ్ళాను. ఒక పెద్దాయన నన్ను వంగి చెయ్యి పెట్టి చూడమన్నాడు. అంతా గరుకే, కమలాఫలం తొక్కలాగా. ఆట ముందు నీటిబొట్లు చిలకరించి గడ్డకట్టిస్తారట. ఆ బొడిపెల మీదే రాయి జారుతుంది, వదిలేటప్పుడు కాస్త తిప్పితే అటువైపు వంపు తిరుగుతుంది. రాయి ముందు బ్రష్‌తో గబగబా రుద్దితే మంచు రవ్వంత వేడెక్కి రాయి ఇంకొంచెం దూరం పోతుంది.

నా మొదటి రాయి సంగతి చెప్పకపోవడమే మంచిది, కానీ చెప్తాను. కాలుతో తన్ని ముందుకు జారి, రాయిని వదిలెయ్యాలి. టెన్షన్‌లో నేను వదల్లేదు. రాయీ నేనూ కలిసి కొంతదూరం వెళ్ళాం, తర్వాత నేను బోర్లా పడ్డాను, అది మాత్రం హాయిగా వెళ్ళిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చంటారు గానీ, అక్కడ లేవడానికి నాకు ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది. రుద్దడం మాత్రం బాగానే చేశాను. పది నిమిషాల్లో స్వెటర్ విప్పేశాను.

ఈ హాలు 2005లో తెరిచారు. డ్యాముల మీద మంచు ఏటా నమ్మకంగా పట్టడం లేదు, అందుకే కప్పు కింద మంచు చేసుకున్నారు. వేసవిలోనూ ఆడొచ్చు. మరుసటి ఏడాది, 2006లో, ట్యురిన్ వింటర్ ఒలింపిక్స్‌కి న్యూజీలాండ్ కర్లింగ్ జట్టు వెళ్ళింది. దాని స్కిప్, అంటే కెప్టెన్, షాన్ బెకర్ ఈ ప్రాంతంవాడే. స్కేటింగ్ రింకు మాత్రం చలికాలంలోనే తెరుస్తారు. సెలవులకి పిల్లలతో కిటకిటలాడుతుంది, అంతకుమించి నాకు దానితో పరిచయం లేదు. ఒక్కసారి ఎక్కాను, అంచు వదిలి రాలేదు.

పెద్దవాళ్ళ మనసు మాత్రం ఆరుబయట మంచు మీదే ఉంటుంది. ఓటూరెహువా దగ్గర ఐడాబర్న్ డ్యాము గట్టిగా గడ్డకట్టిందంటే బోన్‌స్పీల్, అంటే కర్లింగ్ పోటీ, పెడతారు. ఫలానా తేదీ అని ముందుగా చెప్పడానికి ఉండదు, డ్యాము ఎప్పుడు గట్టిగా గడ్డకడితే అప్పుడే. కబురు రాగానే చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి వస్తారు. చీపుళ్ళు, ఉన్ని టోపీలు, విస్కీ సీసాలు, అదో జాతర. 2012లో జరిగింది, 2015లో జరిగింది. మధ్యలో ఎన్ని చలికాలాలు ఉత్తినే పోయాయో లెక్కేసుకోండి.

నాకు మంచు చూపించిన పెద్దాయన ఇంటికి చివరిసారి టీకి వెళ్ళాను. వాకిట్లో ఒక ప్లాస్టిక్ బకెట్, నిండా నీళ్ళు. జులైలో రోజూ పొద్దున్నే లేచి, పైన కట్టిన పెచ్చుని పగలగొట్టి బడిపిల్లల స్కేలుతో కొలుస్తాడు. డ్యాముకి బకెట్ లెక్క పనికిరాదని భార్య నవ్వుతూనే ఉంది. ఆ రోజు మూడు సెంటీమీటర్లు వచ్చింది. "ఇంకా చాలదు" అని స్కేలు తుడిచి జేబులో పెట్టుకున్నాడు. గ్యారేజీ తలుపు పక్కన ఆయన రాళ్ళు రెండూ, దుమ్ము లేకుండా, సిద్ధంగా ఉన్నాయి.