జిల్లాకో ప్రాసిక్యూషన్ కార్యాలయం వస్తే మా అమ్మాయికి ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మాది ములుగు జిల్లా. మా అమ్మాయి ఎల్‌ఎల్‌బీ చివరి సంవత్సరం చదువుతోంది. కొత్త చట్టం ప్రకారం ప్రతి జిల్లాలోనూ ప్రాసిక్యూషన్ కార్యాలయం పెడతారని విన్నాము. ఆ ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో కోచింగ్‌కు పంపమంటారా, కార్పొరేట్ లా వైపు పంపమంటారా? ప్రాక్టీసు చేయకపోయినా చేసినట్టు సర్టిఫికెట్ ఇస్తామని తెలిసిన లాయరు గారు అన్నారు, తీసుకోవచ్చా?

జవాబు: అయ్యా, 2019లో మీ ములుగు జిల్లా అయినప్పటి నుంచి, ఏ కార్యాలయానికి బోర్డు కడతారన్నా ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉన్నాయి. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 20వ సెక్షన్ జిల్లా ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్ గురించి చెప్పిన మాట నిజమే కాని, రాష్ట్ర ప్రభుత్వం దానిని 'ఏర్పాటు చేయవచ్చు' అని మాత్రమే అన్నది. పైగా అందులో డిప్యూటీ డైరెక్టరు కావాలంటే 15 ఏళ్లు, అసిస్టెంట్ డైరెక్టరు కావాలంటే 7 ఏళ్లు న్యాయవాదిగా పనిచేసి ఉండాలి; లేదా న్యాయాధికారిగా అనుభవం ఉండాలి. మీ అమ్మాయికి అందుబాటులో ఉన్న మెట్టు మేజిస్ట్రేటు కోర్టులో ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు వాదించే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ (ఏపీపీ) పోస్టు. 2025లో తెలంగాణలో 118 ఏపీపీ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. దానికి మూడేళ్ల ప్రాక్టీసు అడిగారు.

పట్టా చేతికి రాగానే పిల్లలను కోచింగ్ హాస్టళ్లలో దించి రావడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. నాకు దాని మీద నమ్మకం లేదు. ఉదయం కోర్టులో ఆ రోజు కేసులను వరుసగా పిలిచే కాల్‌వర్క్ నడుస్తుండగా కోర్టు కానిస్టేబుల్ సీడీ ఫైలు (పోలీసుల కేసు డైరీ) తెచ్చి ప్రాసిక్యూటరు బల్ల మీద పెడతాడు. రెండు బస్సులు మారి వచ్చిన సాక్షి వరండాలో బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంటాడు. పంచనామా మీద సంతకం పెట్టిన పెద్దమనిషి బోనెక్కి, పోలీసులు తెల్లకాగితం మీద సంతకం తీసుకున్నారని అడ్డం తిరుగుతాడు. ఆ క్షణంలో అతన్ని ప్రతికూల సాక్షిగా ప్రకటించమని కోరి, అతడు సంతకం పెట్టిన ఆ పంచనామానే ముందుపెట్టి ప్రశ్నించడం ఏ గైడు పుస్తకమూ నేర్పదు.

ఇక ఆ సర్టిఫికెట్ మాట. కోపగించుకోకండి, ఇది మీరు అడగకూడని ప్రశ్న. రేపు ఫోర్జరీ కేసులో ప్రభుత్వం తరఫున నిలబడవలసిన పిల్ల చేతికి తండ్రే దొంగ కాగితం ఇవ్వడమేమిటి? అది బయటపడితే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు, న్యాయవాదులను నమోదు చేసే బార్ కౌన్సిల్‌లో ఆమె పేరుకే ముప్పు.

ఆ మూడేళ్లు సంపాదన లేకుండా, పోలీసుల మధ్య, ముద్దాయిల మధ్య ఆడపిల్ల ఎలా నెగ్గుకొస్తుందన్నది మీ అసలు భయమని నాకు తెలుసు. ఇప్పుడు చాలా కోర్టుల్లో ఏపీపీలుగానూ మేజిస్ట్రేట్లుగానూ మహిళలే కనిపిస్తున్నారు. ఆ కాలం వృథా కూడా కాదు; జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది కనుక, అవే మూడేళ్లు ఆ దారికీ పనికొస్తాయి. కార్పొరేట్ లా గురించి చెప్పాలంటే, పెద్ద సంస్థలు ఎక్కువగా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల నుంచే పిల్లలను తీసుకుంటాయి. మీ అమ్మాయి ఆ మాట తనంతట తాను ఎత్తిందో లేదో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, ముందు ఆమెనే అడగండి.

పట్టా రాగానే బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ చేయించి, క్రిమినల్ కేసులు ఎక్కువగా చూసే సీనియర్ దగ్గర మీ జిల్లా కోర్టులోనే చేర్పించండి. మొదటి ఏడాది బస్సు ఛార్జీలు, నల్లకోటు, పుస్తకాల ఖర్చు మీరే భరించవలసి వస్తుంది. కోచింగ్ కోసం దాచిన డబ్బును అందుకు వాడండి.