జెర్సీ లాగినప్పుడు ఏం చెయ్యాలంటే

మెల్‌బోర్న్

చిరంజీవి చరణ్‌కి,

మ్యాచ్‌లో తిరిగి కొట్టినందుకు నీకు పడ్డ రెండు మ్యాచ్‌ల సస్పెన్షన్ సంగతి మీ అమ్మ చెప్పింది. కోపం మీద శతక పద్యం కూడా వినిపించే ఉంటుంది, అది నేను మళ్ళీ చెప్పను. గుంటూరులో పెరిగిన నేను ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఆడింది లేదు. కానీ పన్నెండేళ్ళుగా మన లోకల్ క్లబ్‌కి గోల్ అంపైర్‌గా జెండాలు ఊపుతున్నాను. గోల్ ముందు నిలబడి గోల్స్ కొట్టే ఫుల్ ఫార్వర్డ్‌ని వెనకనుంచి ఎలా గిల్లుతారో, మోచేత్తో ఎలా పొడుస్తారో నాకంటే దగ్గరగా చూసేవాళ్ళు ఉండరు.

నీ గదిలో జాన్ కోల్‌మన్ ఫొటో ఉంది కదా. 1949లో ఎసెండన్ క్లబ్ తరఫున మొదటి మ్యాచ్‌లోనే 12 గోల్స్, ఆ ఏడాది గ్రాండ్ ఫైనల్లో సీజన్‌కి నూరో గోల్, ఇవన్నీ నీకు కంఠతా వచ్చు. 1951 సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తవు. ఫైనల్స్‌కి ముందు ఆఖరి మ్యాచ్. కార్ల్‌టన్ ఆటగాడు హ్యారీ కాస్పర్ కొట్టాడు, కోల్‌మన్ తిరిగి కొట్టాడు. లీగ్ ట్రిబ్యునల్ ఇద్దరికీ నాలుగేసి వారాల సస్పెన్షన్ వేసింది. అతను లేని ఎసెండన్ గ్రాండ్ ఫైనల్లో జీలాంగ్ చేతిలో 11 పాయింట్ల తేడాతో ఓడింది. గోల్‌కి ఆరు పాయింట్లు, అంటే రెండు గోల్స్ పని. మ్యాచ్‌కి సగటున ఐదుకు పైగా కొట్టేవాడు ఆ రోజు ఆటలోనే లేడు.

"ముందు వాడే కొట్టాడు మావయ్యా" అంటావు. కోల్‌మన్ విషయంలోనూ అదే నిజం.

జెర్సీ పట్టుకున్నాడనిపించగానే చెయ్యి విదిలించకు. రెండు చేతులూ అంపైర్‌కి కనపడేలా పెట్టు. ఫ్రీ కిక్ ఇచ్చాడా, సరే. ఇవ్వలేదా, వంగి బూటు లేసు కట్టుకో. వాడితో ఒక్క మాట కూడా వద్దు. ఆ తర్వాత అక్కడే నిలబడకు, బంతి నీ వైపు వచ్చేలోపే పరుగందుకో. పట్టుకోవడానికి నువ్వు వాడి పక్కన ఉంటేగా!

ఇంకో సంగతి, నీకు నచ్చదు. 1954లో ఫిట్జ్‌రాయ్ మీద 14 గోల్స్ కొట్టిన మరుసటి వారమే కోల్‌మన్ మోకాలు పోయింది. తర్వాత కోచ్‌గా 1962లో, 1965లో కప్పు గెలిపించాడనుకో, కానీ ఆట మాత్రం పాతికేళ్ళకే అయిపోయింది. మొత్తం 98 మ్యాచ్‌లు, 537 గోల్స్. అందులో ఆ నాలుగు వారాల విలువ ఎంతో నువ్వే లెక్కేసుకో.

ఆదివారం గ్రౌండ్‌కి రా. నీ వెనక నుంచుని నేనే జెర్సీ లాగుతాను, మోచేత్తో పొడుస్తాను, బూతులు కూడా తిడతాను. అది మాత్రం మీ అమ్మకి చెప్పకు.

మావయ్య