నూట పదహార్లా, నూట ఎనభయ్యా?

ప్రశ్న: మేం పిట్స్‌బర్గ్‌లో ఉంటాం. మా పాపకి నాలుగేళ్లు. స్క్విరల్ హిల్‌లో ఉన్న జేసీసీ, అంటే యూదుల కమ్యూనిటీ సెంటర్, నడిపే ప్రీస్కూల్‌కి వెళ్తోంది. మేం యూదులం కాము. అయినా ఏటా చందా అడుగుతూ ఉత్తరం వస్తుంది. పాపని వాళ్లు చూసుకునే తీరు చూశాక ఈసారి ఎంతో కొంత ఇవ్వాలనిపిస్తోంది. ‘నెలనెలా ఫీజు కడుతూనే ఉన్నాంగా, మళ్లీ ఇదెందుకు? ఇచ్చింది ఎటు పోతుందో ఏమో’ అంటున్నారు మావారు. కట్టే ఫీజుని పన్నులో దానంగా చూపించుకోవచ్చా? ఇస్తే ఎంత, ఎలా ఇవ్వాలి? నా దగ్గర కంపెనీ షేర్లు కొన్ని ఉన్నాయి. ఇల్లు కొనలేదు, అద్దెకే ఉంటున్నాం.

జవాబు: ముందు ఫీజు సంగతి తేల్చేద్దాం. చూపించుకోకూడదు. పాపని చూసుకున్నందుకూ చదువు చెప్పినందుకూ కట్టేది ఖర్చే గాని దానం కాదు. నడిపేది లాభాపేక్ష లేని సంస్థ అయినా అంతే. దానికి వేరే దారి ఉంది. మీ ఇద్దరిలో ఎవరి కంపెనీలోనైనా డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ అనే పిల్లల సంరక్షణ ఖాతా ఉంటే, 2026 నుంచి ఇంటి మొత్తానికి ఏడాదికి 7,500 డాలర్ల దాకా ఫెడరల్ పన్ను పడకుండా జీతంలోంచి పక్కన పెట్టి ఫీజు కట్టుకోవచ్చు. ఇంతవరకూ అది వాడకపోతే చందా సంగతి తర్వాత, ముందు ఆ పని చూడండి.

ఇక మీవారి మాట. ఆయన అడిగిన దాంట్లో తప్పేం లేదు. అడక్కుండా ఇచ్చేవాళ్లతోనే నాకు తలనొప్పి. మీరు కట్టే ఫీజు మీ పాప వరకే. పూర్తి ఫీజు కట్టలేని ఇంటి పిల్లలకి ఇచ్చే తగ్గింపు, గుమ్మం దగ్గర కాపలా, సాయంత్రం పెద్దవాళ్లు వచ్చి కూర్చునే గది... ఇలాంటివి ఫీజులతో గడవవు. ఆ చోటు యూదులు కట్టుకున్నదే, కానీ మీలాగే యూదులు కానివాళ్ల పిల్లలూ అక్కడ పెరుగుతున్నారు.

మీరు ఆ ఊళ్లోనే ఉన్నారు కాబట్టి ఒక సంగతి గుర్తు చేస్తాను. 2018 అక్టోబరు 27, శనివారం ఉదయం, స్క్విరల్ హిల్‌లోని ట్రీ ఆఫ్ లైఫ్ ప్రార్థనా మందిరంలో ఒక దుండగుడు కాల్పులు జరిపి 11 మందిని చంపాడు. తమవాళ్లు ఉన్నారో లేరో తెలియని కుటుంబాలు ఆ రోజు వచ్చి కూర్చున్నది జేసీసీలోనే. తర్వాత మనసు కుదుటపడక సాయం కోరినవాళ్ల కోసం పెట్టిన కేంద్రమూ అక్కడే. ఊళ్లోని యూదు ఫెడరేషన్ తెరిచిన సహాయ నిధికి 60 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. ముస్లింలు విడిగా 2 లక్షల డాలర్లకు పైగా పోగు చేసి ఇచ్చారు. ఆ సొమ్మును ఎవరికెంత పంచాలో తేల్చడానికి ఒక స్వతంత్ర కమిటీ కూర్చుంది.

నా లెక్కల బుర్రకి ఇందులో కనిపించేది వేరే. అంత కష్టం మీద పడ్డ రోజున తలుపులు తెరిచి ఉంచడానికి ఒక భవనం, ఫోన్లెత్తడానికి జీతం తీసుకునే మనుషులు, వచ్చిన ప్రతి డాలరునీ రాసుకునే ఖాతా పుస్తకం అప్పటికే ఉన్నాయి. వాటిని అన్నేళ్లుగా నిలబెట్టింది మీకొచ్చినలాంటి మామూలు ఉత్తరాలకి జనం పంపిన చిన్న చిన్న చెక్కులే. మా వైపు ఒక సంఘం (పేరెందుకు లెండి) ఒకే ఒక్క రాత్రి విందులో బోలెడు డబ్బు పోగు చేసి, మరుసటేడు హాలు అద్దెకి వెతుక్కుంది. అందుకే నెలకింత అని ఇచ్చేదాన్ని నేను ఎప్పుడూ ఒక మెట్టు పైన పెడతాను.

‘ఎటు పోతుందో’ అన్నదానికి సూటిగా చెప్పాలంటే, ఎవరి పేర చెక్కు రాస్తున్నారో చూసుకోండి. జేసీసీ పేర రాస్తే అది ఆ కేంద్రం పనులకే. పిల్లల ఫీజు తగ్గింపులకని చెక్కు మీద రాయొచ్చు కూడా. ఫెడరేషన్ వేరు. ఒక్కో సంస్థా విడివిడిగా గడప గడపకీ తిరిగితే ఇచ్చేవాళ్లు విసిగిపోతారని, అందరి తరఫునా ఒకేసారి వసూలు చేసి పంచే పద్ధతిని 1895లో బోస్టన్ యూదులు మొదలుపెట్టారు. మీ ఊళ్లో ఉన్నదీ ఆ పద్ధతే. అక్కడ ఇచ్చినదాంట్లో కొంత ఇజ్రాయెల్‌కీ ఇతర దేశాల్లోని యూదుల సాయానికీ వెళ్తుంది. ఏది మీ మనసుకి ఒప్పుతుందో అది మీ ఇష్టం. ఇలాంటి సంస్థలు ఏటా పన్నుల శాఖకి ఇచ్చే లెక్కల పత్రం, ఫారం 990, ఎవరైనా తెరిచి చూడొచ్చు. మీవారికి ఆదివారం పూట ఆ పని అప్పజెప్పండి.

ఎంత అన్నదానికి వాళ్ల సంప్రదాయంలోనే మంచి కొలత ఉంది. దానాన్ని వాళ్లు త్సెదకా అంటారు, ఆ మాటకి మూలం న్యాయం. ఇవ్వడం దయ కాదు, బాకీ అన్నట్టు. మామూలుగా ఆదాయంలో పదో వంతు ఇస్తారు, ఐదో వంతుకి మించి ఇవ్వొద్దంటారు. ఇచ్చినవాడే రేపు చెయ్యి చాచే పరిస్థితి రాకూడదని. ఈ రెండో ముక్క నాకు బాగా నచ్చింది. 12వ శతాబ్దపు పండితుడు మైమోనిడీస్ దానానికి ఎనిమిది మెట్లు చెప్పి, అన్నిటికన్నా పై మెట్టున పెట్టింది అప్పో, భాగస్వామ్యమో, పనో ఇచ్చి మనిషిని తన కాళ్ల మీద నిలబెట్టడాన్ని. 1892లో న్యూయార్క్‌లో 95 డాలర్ల పెట్టుబడితో మొదలైన వడ్డీ లేని అప్పుల సంఘం ఆ మెట్టు మీద పుట్టిందే, ఇప్పటికీ నడుస్తోంది.

మీకు పదో వంతు నేను చెప్పను. ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉందా? మీరు హెచ్‌-1బీ లాంటి ఉద్యోగ వీసా మీద ఉంటే ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం, ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులే. అది ఉందనుకుని, ఏడాదికి 2,000 డాలర్లతో మొదలుపెట్టండి. ఆ అంకె ఊరికే చెప్పలేదు. అద్దె ఇంట్లో ఉన్నారు కాబట్టి దాదాపు ఖాయంగా స్టాండర్డ్ డిడక్షనే, అంటే ఖర్చులు విడివిడిగా చూపించకుండా అందరికీ ఇచ్చే ఒకే మొత్తం మినహాయింపే, తీసుకుంటారు. 2026కి భార్యాభర్తలిద్దరికీ కలిపి అది 32,200. 2022 నుంచి 2025 దాకా అలాంటివాళ్లకి దానం మీద ఫెడరల్ పన్నులో ఏమీ దక్కేది కాదు. 2026 నుంచి ఇద్దరికీ కలిపి 2,000 డాలర్ల దాకా పన్ను పడే ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. 22 శాతం శ్లాబులో ఉంటే 440 డాలర్లు మిగులుతాయి. కాకపోతే అది డబ్బు రూపంలోనే, నేరుగా సంస్థకే ఇవ్వాలి. షేర్లకీ, డోనర్ అడ్వైజ్డ్ ఫండ్‌లో (ముందు డబ్బు వేసి, ఏ సంస్థకివ్వాలో తర్వాత చెప్పే దానాల ఖాతాలో) వేసినదానికీ ఇది వర్తించదు. పెన్సిల్వేనియా రాష్ట్ర పన్నులో దానానికి మినహాయింపే లేదు.

అందుకే షేర్ల మాట తర్వాత. 2,000 దాటి ఇవ్వాలనుకున్నప్పుడు, చేతికొచ్చి ఏడాది దాటిన, ధర పెరిగిన షేర్లని అమ్మకుండా అలాగే ఇవ్వండి. వెయ్యి డాలర్ల దగ్గర చేతికొచ్చినవి ఇవాళ 3,000 పలుకుతున్నాయనుకోండి, అమ్మితే లాభం మీద ఫెడరల్‌కి 300, రాష్ట్రానికి ఇంకో 61 కట్టాలి. అలాగే ఇస్తే ఆ 361 మీకు తప్పుతుంది, 3,000 పూర్తిగా వాళ్లకి చేరుతుంది. ధర పడిపోయిన షేర్లయితే మాత్రం అమ్మి, నష్టం చూపించుకుని, డబ్బు ఇవ్వండి.

మీ కంపెనీలో మ్యాచింగ్, అంటే మీరిచ్చే దానానికి కంపెనీ కూడా కొంత కలిపే పద్ధతి, ఉందేమో కనుక్కోండి. కొన్ని కంపెనీలు మత సంస్థలకి కలపవు. జేసీసీ ప్రార్థనా మందిరం కాదు కాబట్టి అడిగి చూడటంలో నష్టం లేదు.

ఇంకొకటి. విందుకి పిలిచి 180 డాలర్ల టికెట్ అమ్మితే, అందులో భోజనం విలువ 60 అయితే దానం కింద లెక్కకొచ్చేది 120 మాత్రమే. 180 ఏమిటా అనుకుంటారేమో. హీబ్రూలో అక్షరాలకి అంకెల విలువ ఉంటుంది, ‘ఖాయ్’ అంటే జీవం, దాని రెండక్షరాలూ కలిపితే 18. అందుకే 18, 36, 180 ఇలా ఇస్తారు, మనం పెళ్లిళ్లలో నూటపదహార్లు చదివించినట్టే. మీరు నెలకి 162 పెట్టుకుంటే తొమ్మిది పద్దెనిమిదులు, ఏడాదికి 1,944. 2,000 లోపే.

250 డాలర్లు, ఆపైన ఒకేసారి ఇస్తే, బదులుగా ఏమీ పుచ్చుకోలేదని సంస్థ రాసిచ్చిన రసీదు పన్ను దాఖలు చేసే ముందే మీ చేతిలో ఉండాలి. అన్నట్టు, పెన్‌హిల్స్ వెంకన్న గుళ్లో వేసేదీ ఈ 2,000 లెక్కలోకే వస్తుంది. హుండీలో వేసిన నోట్లకి రసీదు రాదు కాబట్టి అక్కడ కూడా కార్డో, చెక్కో ఇవ్వండి.