నీ కెప్టెన్, నీ తుఫాను

తమ్ముడూ,

నువ్వు రాస్తున్న ఓడ కెప్టెన్ జీవిత కథలోంచి పంపిన పన్నెండు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే తుఫాను, చిరిగిన తెరచాపలు, చుక్కాని చక్రం పట్టుకుని నిలబడ్డ కెప్టెన్ కళ్ళలో నీళ్ళు. చదివించేలా రాశావు, అందులో అనుమానం లేదు. కానీ ఆ కన్నీళ్ళు నీకు ఏ కాగితంలో దొరికాయి? పందొమ్మిదో శతాబ్దపు సరుకు ఓడ కెప్టెన్ ఆర్కైవుల్లో, అంటే పాత కాగితాలు దాచే చోట్ల, చాలావరకు మనకు కనిపించేది డబ్బో, చట్టమో, చావో అతన్ని తాకిన చోటే. మిగతా రోజుల గురించి ఎవరికీ లెక్క చెప్పే పని లేదు, కాబట్టి ఎవరూ రాసిపెట్టలేదు. అందుకే ఏ కాగితం చేతికొచ్చినా, ఇది ఎవరు అడిగితే రాశారు అన్నది ముందు తేల్చుకో.

లాగ్‌బుక్, అంటే ఓడ ప్రయాణపు దినచర్య పుస్తకం, దొరగ్గానే కెప్టెన్ గొంతు దొరికిందని సంబరపడతాం, నేనూ అలాగే పడ్డాను. నిజానికి ఓడ లాగ్ మామూలుగా రాసేది మేట్, అంటే కెప్టెన్ కింది అధికారి. అది కూడా నేరుగా పుస్తకంలో కాదు. వేగం, దిక్కు, గాలి ఎప్పటికప్పుడు బలపంతో పలక మీద రాసుకుని, తర్వాత పుస్తకంలోకి ఎక్కించి, పలక తుడిచేసేవాళ్ళు. మనం చదివేది సాపు ప్రతి అన్నమాట. మేరీ సెలెస్ట్ సంగతి విన్నావు కదా, 1872 డిసెంబరులో లోపల మనిషన్నవాడు లేకుండా సముద్రంలో కొట్టుకుపోతూ దొరికిన అమెరికన్ ఓడ. కెప్టెన్ బెంజమిన్ బ్రిగ్స్, ఆయన భార్య, రెండేళ్ళ కూతురు, సిబ్బంది, ఒక్కరి జాడా మళ్ళీ తెలియలేదు. పుస్తకంలో చివరి నమోదు నవంబరు 24ది. పలక మీద మాత్రం 25వ తేదీ ఉదయం 8 గంటలది ఉంది, అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల్లో సాంటా మరియా దీవి దగ్గర్లో ఉన్నామని. దాన్ని పుస్తకంలోకి ఎక్కించే చెయ్యి లేకపోయింది. ఆ ఓడ మీద అల్లిన కథలన్నీ ఒకెత్తు, నాకు ఆ తుడవని పలక ఒకెత్తు.

తేదీలతో కూడా జాగ్రత్త. పాత లెక్కలో నావికుల రోజు మధ్యాహ్నం పన్నెండుకి మొదలవుతుంది, అదీ నేల మీది తేదీ కంటే పన్నెండు గంటలు ముందే. అంటే మనకు 4వ తేదీ సాయంత్రం అయితే లాగ్‌లో 5 అని ఉంటుంది. మేరీ సెలెస్ట్ దొరికింది 4ననీ 5ననీ రెండు రకాలుగా కనిపించేది ఇందుకే. నా మొదటి వ్యాసంలో ఇది తెలియక ఒక మనిషి చనిపోయిన తేదీ తప్పు వేశాను. అచ్చయ్యాక తెలిసింది, ఇప్పటికీ బాధే.

నీ కెప్టెన్ బ్రిటిష్ ఓడల మీద పనిచేశాడు కాబట్టి నీకు దారి కొంత సుళువు. 1850 చట్టం వచ్చాక విదేశాలకు వెళ్ళే ఓడల మాస్టర్లకూ (కెప్టెన్లకూ) మేట్లకూ సర్టిఫికెట్ తప్పనిసరైంది. ఆ సర్టిఫికెట్ నంబరు పట్టుకుంటే, లండన్ ఓడల బీమా సంస్థ లాయిడ్స్ ఉంచిన కెప్టెన్ల రిజిస్టర్లలో పుట్టిన ఊరు, ఏ ఓడలు, ఏ ఏళ్ళు, చాలా తెలుస్తుంది. ఓడకి వేరే అధికారిక నంబరుంటుంది, అవి 1855 నుంచి ఇచ్చారు. ఓడ పేరు నమ్ముకోకు, ఒకే పేరుతో బోలెడు ఓడలుంటాయి, నంబరు పట్టుకో.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది అధికారిక లాగ్. ఇది ప్రభుత్వం కోసం కెప్టెన్ రాయాల్సిన పుస్తకం: జబ్బులు, నేరాలు, జరిమానాలు, పుట్టుకలు, చావులు. పక్కన మేట్ సంతకం. దారిలో ఎవరైనా చనిపోతే అతని సామాను ఓడ మీదే వేలం వేసి, ఏది ఎవరు ఎంతకి కొన్నారో అందులో రాయాలి. అలాంటి పేజీ ఒకటి నేను ముందు పెట్టుకుని మధ్యాహ్నమంతా కూర్చున్నాను. రెండు చొక్కాలు, ఒక దుప్పటి, కత్తి, పొగాకు, సముద్రపు బూట్లు. ఎదురుగా పేర్లు, షిల్లింగులు. జాలి మాట ఒక్కటి లేదు. బూట్లకి మాత్రం మిగతా వాటికంటే చాలా ఎక్కువ ధర పలికింది, ఎందుకో అర్థం కాలేదు. తర్వాత సిబ్బంది జాబితా తీసి, కొన్న కుర్రాడి పేరు వెతికితే, పుట్టిన ఊరు గడిలో చనిపోయినవాడి ఊరే ఉంది. ఆ డబ్బు చేరేది చనిపోయినవాడి ఇంటివాళ్ళకి. నేను రెండు వరుసల్లో అంతే రాసి వదిలేశాను, వాడి మనసులోకి వెళ్ళలేదు.

మరో మాట. నీ కెప్టెన్ దగ్గర లాస్కర్లు, అంటే మనవైపు కలాసీలు, పనిచేసి ఉంటే వాళ్ళ ఒప్పందాలు వేరుగా ఉంటాయి, వాటినీ వెతుకు. అతని కథలో వాళ్ళని గుంపుగా నిలబెట్టకు.

తుఫాను కావాలనే అనిపిస్తే లాగ్ నుంచే తీసుకో. 1845 ఫిబ్రవరిలో మారిషస్ దగ్గర చార్లెస్ హెడిల్ అనే ఓడ తుఫానులో చిక్కి, గాలి ఎటు తోస్తే అటు రోజుల తరబడి పరిగెత్తింది. కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ దాని లాగ్‌లోని దిక్కుల్ని కాగితం మీద గీస్తే చుట్టలు చుట్టలుగా వచ్చింది, ఓడ తిరిగి తిరిగి, పరిగెత్తిన దూరంతో పోలిస్తే కొంత దూరమే ముందుకు జరిగింది. సైక్లోన్ అన్న మాట పుట్టించింది ఆయనే, ఆయన కూడా ఒకప్పుడు సరుకు ఓడల కెప్టెనే. వాళ్ళకి తాము గుండ్రంగా తిరుగుతున్నామని తెలియదు, ఊరికే దిక్కులు రాసుకుంటూ పోయారు. ఇంత ఉండగా కన్నీళ్ళు ఎందుకు చెప్పు?

ఓడ నంబరు దొరికిందన్నావు కదా. 1875 నాటి సిబ్బంది జాబితాలు లండన్ గ్రీనిచ్‌లోని మారిటైమ్ మ్యూజియంలో ఉన్నాయి, 1863 తర్వాతవి ఎక్కువ భాగం కెనడాలో, న్యూఫౌండ్లాండ్ మెమోరియల్ యూనివర్సిటీ ఆర్కైవ్‌లో. ఈ వారమే రెండు చోట్లకీ నంబరుతో సహా మెయిల్ పెట్టు. జాబితా వచ్చాక మొదటి పేజీ మళ్ళీ రాసి పంపు, ఎదురుచూస్తుంటాను.

నీ అక్క