కోటకూ తోటకూ మధ్య ఒక ఉద్యోగం

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. ఎవరి మాటతీరునైనా రెండు నిమిషాలు వింటే అచ్చు గుద్దినట్లు అనుకరిస్తుంది. ఏడాదిగా కొరియన్ సీరియళ్లు చూస్తూ, 'వాళ్లకు మూడు రకాల ప ఉంది నాన్నా, మనకు వినపడటం లేదంతే' అంటోంది. ఇప్పుడు నీట్ వద్దు, ఫోనెటిక్స్ (మాటల్లోని ధ్వనుల శాస్త్రం) చదువుతానని పట్టుబట్టింది. అది చదివితే ఇంగ్లిష్ ఉచ్చారణ నేర్పే కోచింగ్ సెంటర్లో తప్ప ఇంకెక్కడ ఉద్యోగం వస్తుంది?
– ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: అనుకరించేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. తన చెవికి ఏది అందడం లేదో గమనించేవాళ్లు అరుదు. మీ ఉత్తరంలో మిమిక్రీ సంగతి నేను పెద్దగా పట్టించుకోలేదు. 'మనకు వినపడటం లేదంతే' అన్న మాటను మాత్రం రెండుసార్లు చదివాను. ఈ చదువుకు కావలసిన చెవి అదే.

ముందు ఆమె చెప్పింది నిజమేనని మీకు తెలియాలి. కొరియన్‌లో మన చెవికి 'పుల్' లాగానే తోచే మాటలు మూడున్నాయి: ఒకటి నిప్పు, ఒకటి కొమ్ము, ఒకటి గడ్డి. మాట మొదట్లో ఈ మూడు హల్లుల్లో ఏదీ మన 'బ' లాంటి సరళం, అంటే గొంతు మోగే హల్లు కాదు. మొదటిది వదులుగా, కాస్త ఊపిరితో పలుకుతారు. రెండోది గొంతు బిగబట్టి, ఊపిరి వదలకుండా. మూడోది ఊపిరి గట్టిగా వదులుతూ. మన 'ప'కు దగ్గరిది ఆ రెండోది. మిగతా రెండూ మన చెవిలో ఒకే గంపలో పడిపోతాయి. సియోల్ యువతరం నోట ఆ రెండింటికీ ఊపిరిలో తేడా బాగా తగ్గిపోయింది. తర్వాత వచ్చే అచ్చు గొంతు ఎంత హెచ్చుతగ్గు స్థాయిలో పలికిందన్నదాన్ని బట్టే ఎక్కువగా పోల్చుకుంటారు. హల్లు ఏదో తెలుసుకోవడానికి గొంతు స్థాయిని వినడం తెలుగు చెవికి అలవాటు లేని పని. ఇంగ్లిష్‌లో ఒకప్పుడు పుసాన్ అని రాసిన ఊరిని, 2000లో లిప్యంతరీకరణ నియమాలు మార్చాక బుసాన్ అని రాస్తున్నారు. అందుకోసం ఆ ఊరివాళ్లు తమ పలుకు మార్చుకోలేదు.

ఇదే ఇబ్బంది మనవల్ల ఇతరులకూ కలుగుతుంది. అమెరికాలో దుకాణానికి వెళ్లి మన పద్ధతిలో 'పిన్' అని అడిగితే అవతలి మనిషికి 'బిన్' అని వినపడవచ్చు. మీ అమ్మాయిని పలచని కాగితం ముక్క నోటి ముందు పట్టుకుని తెలుగు 'పని' అనమనండి. కాగితం కదిలీ కదలనట్లు ఉంటుంది. ఇంగ్లిష్ వాళ్లు మాట మొదట్లో పలికే 'ప'కు అది రెపరెపలాడుతుంది. పెదవులు విడిపోయాక స్వరతంత్రులు మోగడానికి వాళ్లు సెకనులో ఇరవయ్యో వంతో, అంతకు కాస్త ఎక్కువో ఆలస్యం చేస్తారు. మనం వెంటనే మోగిస్తాం. ఆ తొందరనే వాళ్ల చెవి 'బ' అని లెక్కగడుతుంది. ఈ ఆలస్యాన్ని 11 భాషల్లో కొలిచి, 1964లో ప్రకటించినవారు లీ లిస్కర్, ఆర్థర్ ఆబ్రమ్‌సన్ అనే ధ్వనిశాస్త్రవేత్తలు. లిస్కర్ అంతకు ముందు ఏడాదే అమెరికా విద్యార్థుల కోసం వాడుక తెలుగు పాఠ్యపుస్తకం రాశారు. మన భాషలోని పరుషాలూ సరళాలూ ఆయనకు బాగా పరిచయం.

చెవి ఇలా ఎప్పుడు ముడుచుకుపోతుంది? మాటలు రాకముందే. జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు 1984లో ప్రచురించిన ప్రయోగంలో, ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్లలోని ఆరు నుంచి ఎనిమిది నెలల పసిపిల్లలు హిందీ త, ట ధ్వనులను వేర్వేరుగా గుర్తించారు. పది, పన్నెండు నెలలకు వచ్చేసరికి వాళ్లలో చాలామందికి ఆ తేడా పట్టలేదు. ఇంట్లో తెలుగు వినిపించని మన విదేశీ మనవలు కల, కళ ఒకేలా పలికితే వాళ్ల నాలుకను తప్పుపట్టకండి.

ఇక ఉద్యోగం. ఈ చదువుకు తలుపులు మూడు. మూడింటి లోపలా మూడు వేర్వేరు జీవితాలు.

మొదటిది ఆసుపత్రి వైపు తెరుచుకుంటుంది. నాలుగేళ్ల పిల్లవాణ్ని ఊహించుకోండి. 'కోట' బొమ్మ చూపిస్తే 'తోట' అంటాడు. కాకి తాతి, కోడి తోడి. స్పీచ్ థెరపిస్టు వెంటనే 'క అను, క అను' అని వెంటపడదు. కోట బొమ్మ, తోట బొమ్మ పక్కపక్కన పెట్టి, తన పెదవులు కనపడకుండా అడ్డం పెట్టుకుని, 'కోట ఏది?' అని అడుగుతుంది. వాడు సరైన బొమ్మ మీద వేలు పెడితే చెవి బాగానే ఉంది, నాలుక వెనుక భాగాన్ని లేపడం రాలేదన్నమాట. తడబడితే ముందు వినికిడి పరీక్ష. ఇలాంటి పిల్లలతో ఒక తమాషా జరుగుతుంటుంది. మనం వాడిలాగే, కోటను చూపించి 'ఇది తోటా?' అంటే కోపం వస్తుంది: 'కాదు, తోట!' అంటాడు. వాడి చెవిలో కోట ఉంది, నోట్లోకి ఇంకా రాలేదు. ఆ దూరాన్ని కొలిచి, ఆటల్లో పెట్టి తగ్గించడమే ఆ ఉద్యోగం. పెదవులు ఎందుకు దాచాలంటారా? మనం కళ్లతో కూడా వింటాం. 'బ' ధ్వనికి 'గ' పలికే ముఖాన్ని జోడించి చూపిస్తే చాలామందికి 'ద' లాంటిది వినపడుతుందని 1976లో మెగర్క్, మెక్‌డొనాల్డ్ అనే పరిశోధకులు చూపించారు.

మీ అమ్మాయి బైపీసీ కాబట్టి నేను ముందు ఈ తలుపే తడతాను. డిగ్రీ పేరు బీఏఎస్ఎల్‌పీ (బ్యాచిలర్ ఆఫ్ ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ), ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. వినికిడి పరీక్షలు, వాక్ చికిత్స రెండూ నేర్పుతారు. మైసూరులో 1965లో మొదలైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ రంగానికి పుట్టిల్లు లాంటిది. దగ్గరలో కావాలంటే ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. ప్రవేశ విధానం సంస్థను బట్టీ, ఏడాదిని బట్టీ మారుతూ ఉంటుంది. అందువల్ల నీట్ దరఖాస్తును ఇప్పుడే చించేయనివ్వకండి. ప్రైవేటు కళాశాలైతే భారత పునరావాస మండలి గుర్తింపు ఉందా అని ఫీజు కట్టకముందే చూసుకోండి. గుర్తింపు లేని డిగ్రీతో ప్రాక్టీసుకు రిజిస్ట్రేషన్ దొరకదు. పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్లు, నత్తి ఉన్నవాళ్లు, కాక్లియర్ ఇంప్లాంట్ (చెవిలోపల అమర్చే వినికిడి పరికరం) శస్త్రచికిత్స అయిన పిల్లలు అందరూ వీళ్ల దగ్గరికే రావాలి. ఆపరేషన్ ఒక్కరోజులో అయిపోతుంది. కొత్తగా వచ్చే శబ్దం మాటగా మారడానికి నెలలూ ఏళ్లూ పడుతుంది, అదీ పిల్లల ఇంటి భాషలోనే జరగాలి. తెలుగు ధ్వనులు లోతుగా తెలిసిన థెరపిస్టు విలువ అక్కడ తెలుస్తుంది.

రెండోది కంప్యూటర్ తలుపు. మాటను రాతగా, రాతను మాటగా మార్చే యంత్రాలకు భాషాశాస్త్రం తెలిసినవాళ్లు కావాలి. తెలుగు ఎలా రాస్తే అలాగే పలుకుతామని మనకు ఒక గర్వం. అది పూర్తి నిజం కాదు. 'ఫలం'లోని ఫ ఊపిరితో కూడిన ప. 'ఆఫీసు'లోని ఫ పై పళ్లు కింది పెదవికి తగిలితే వచ్చేది. అక్షరం ఒకటే. 'బ్యాంకు'లో ఉన్న అచ్చుకు మనకు అసలు అక్షరమే లేదు. చదివే యంత్రానికి ఇవన్నీ ఎవరో ఒకరు చెప్పాలి, అది తప్పు చదివినప్పుడు ఎక్కడ తప్పిందో చెవితో పట్టుకోవాలి. 2022లో కేంద్రం భారతీయ భాషల అనువాదం కోసం మొదలుపెట్టిన భాషిణి లాంటి ప్రాజెక్టులతో మన భాషల్లో ఈ పని పెరిగింది. ఇంటర్ తర్వాత నేరుగా వెళ్లడానికి హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్ ఐదేళ్ల కోర్సు ఉంది, కానీ దానికి ఇంటర్లో గణితం కావాలి. మీ అమ్మాయికి ఆ దారి ప్రస్తుతానికి మూసి ఉంది. డిగ్రీ తర్వాత భాషాశాస్త్రంలో ఎంఏ చేసి, పక్కన ప్రోగ్రామింగ్ నేర్చుకుని పక్క గుమ్మం నుంచి వెళ్లినవాళ్లు ఉన్నారు.

మూడోది పరిశోధన. హైదరాబాద్‌లోనే ఉస్మానియా, సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) మూడింటిలోనూ భాషాశాస్త్రం ఉంది. ఇఫ్లూలో ధ్వనిశాస్త్రానికి ప్రత్యేక విభాగమే ఉంది. ఈ పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. మన పండితుడు పేరి భాస్కరరావు, ధ్వనిశాస్త్రవేత్త పీటర్ లాడెఫోగెడ్‌తో కలిసి 1983లో ఎక్స్‌రే చిత్రాల సాయంతో ఒక అధ్యయనం చేశారు. హిందీ 'ట'కు నాలుక కొస పైకి లేస్తే చాలు. తెలుగు, తమిళ 'ట'లకు నాలుక బాగా వెనక్కి మడతపడి, కొస అడుగు భాగం అంగిలిని తాకుతుంది. వేల ఏళ్లుగా అన్నింటినీ మూర్ధన్యాలనే (నాలుక అంగిలి పైభాగానికి లేచి పలికేవి) పిలుస్తున్నాం, నోట్లో మాత్రం పని వేరుగా జరుగుతోంది. తర్వాత వీళ్లిద్దరూ నీలగిరుల్లోని తోడ భాషలో ర లాంటి ధ్వనులు ఆరు ఉన్నాయని తేల్చిన బృందంలోనూ ఉన్నారు. చదువుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. పీహెచ్‌డీ దాకా వెళ్లాలి, అధ్యాపక ఉద్యోగాలు తక్కువ. ఇంటి ఆర్థిక పరిస్థితి చూసుకునే ఈ తలుపు తెరవండి.

గొంతు నమూనాలను పోల్చే ఫోరెన్సిక్ పని గురించి కూడా పిల్లలు అడుగుతుంటారు. మన ప్రయోగశాలల్లో అది సాధారణంగా భౌతికశాస్త్ర విభాగం కింద ఉంటుంది, దారి వేరు. మీరు భయపడిన ఉచ్చారణ కోచింగ్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మూడు నెలల సర్టిఫికెట్ తీసుకుని విదేశీ యాస నేర్పే పనిలో చేరితే ఆమె మిమిక్రీకి జీతం వస్తుంది, చెవి మాత్రం అక్కడే ఆగిపోతుంది.

ఒక హెచ్చరిక. నాలుగైదేళ్ల క్రితం నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి పది యాసలు పలికేవాడు. నేనూ మురిసిపోయి వాక్ చికిత్స కోర్సు సూచించాను. మొదటి ఏడాదిలోనే మానేశాడు. చెవి నిర్మాణం, నాడులు, ధ్వని తరంగాల లెక్కలు, రోజూ అదే పిల్లవాడితో అదే 'క' వందసార్లు – అతనికి వీటిలో రుచి దొరకలేదు. అతని ఓపికను చూడకుండా గొంతును చూసి సలహా ఇచ్చాను. అందుకే ఇప్పుడు ఎవరికైనా ముందు ఒక పని ఇస్తున్నాను.

మాట ధ్వనిని తెరమీద బొమ్మగా చూపే ప్రాత్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో తయారైంది. ఇంట్లో కంప్యూటర్ ఉంటే ఈ ఆదివారం దించుకోమనండి. పాలు, బాలు అని రికార్డు చేసి తెరమీద చూస్తే, 'బ'కు పెదవులు విడవకముందే అడుగున ఒక నల్లటి చార మొదలవుతుంది, 'ప'కు అది ఉండదు. ఆ తర్వాత చలి, చాప, చిలుక, చెట్టు. మొదటి రెండింటిలో నాలుక పళ్ల దగ్గర, చివరి రెండింటిలో అంగిలి దగ్గర ఉంటుందని పాత వ్యాకరణాలు రెండు 'చ'లను వేరు చేశాయి. అందరి నోటా ఇప్పుడు అలా లేదు. ఇంట్లో ముగ్గురి గొంతుతో ఈ మాటలు తీసుకుని, ఎవరి 'చ' ఎలా ఉందో రెండు పేజీలు రాసి నాకు పంపమనండి. నెలరోజులు గడువు. మధ్యలో విసుగెత్తితే నీట్ పుస్తకాలు ఎలాగూ ఉన్నాయి. ఆ ముగ్గురిలో మీరూ ఒకరై ఉండాలి. మీ 'చాప', మీ అమ్మాయి 'చాప' తెరమీద ఒకేలా కనిపిస్తాయో లేదో చూడాలని నాకూ ఆసక్తిగా ఉంది.